తుప్పు పురుగులు రాలిన ఆదివారం

ఉప్పునీటి చేపల పనిలో కొత్తగా చేరిన పిల్లలు ఇప్పటికీ నాకు ఫోన్‌లో ఫొటోలు పంపుతుంటారు. చాలావరకు ఒకే రకం ఫొటో. తొట్టి గాజు మీదో, లోపలి రాయి మీదో తుప్పు రంగు మరక. కింద ఒక ప్రశ్న: "ఇది నాచా, పురుగా సార్?"

దానికి జవాబు చెబుతాను. దీపం ఆర్పేసి రెండు గంటలాగి చూడండి. మరక అలాగే ఉంటే నాచు, మాయమైతే పురుగు. అప్పటికీ అనుమానం తీరకపోతే ఇంకు ఫిల్లరుతో కొంచెం పీల్చి తెల్ల గిన్నెలో వదలండి. నాచయితే పొడిలా విడిపోతుంది. పురుగైతే నూక గింజంత ఒళ్లు చాపుకుని, వెనకవైపు బుల్లి తోకలతో, గిన్నె అడుగున చదునుగా పాకుతుంది. ఈ మాట అందగానే రెండో ప్రశ్న వస్తుంది: "మందేంది సార్?" దానికి మాత్రం వెంటనే జవాబివ్వను. ముందు ఒక సంగతి వినమంటాను. ఫోన్‌లో అది పూర్తిగా చెప్పగలిగింది ఒక్కసారీ లేదు. అందుకే రాస్తున్నాను.

మత్స్యశాఖలో నా ఉద్యోగం ఎక్కువ భాగం చిత్తూరు వైపు చెరువుల్లో బొచ్చె, శీలావతి చేపపిల్లల్ని వదిలించడంలోనే గడిచింది. చివరి ఆరేళ్లు సూళ్లూరుపేట శివార్లలో, సరస్సు వైపు పోయే దారిలో ఉన్న ఒక చిన్న కేంద్రానికి వేశారు. రేకుల షెడ్డు. సముద్రపు రంగుచేపల చేత గుడ్లు పెట్టించి, పిల్లల్ని పెంచి, నగరాల్లోని దుకాణాలకు పంపడం అక్కడి పని. ఉప్పునీళ్లు నాకు జుట్టు నెరిశాక వచ్చిన చదువు. పక్కనున్న అంతరిక్ష కేంద్రం నుంచి రాకెట్ పోయిన రోజు షెడ్డు రేకులన్నీ అదిరేవి, చేపలు ఒక్కసారిగా రాళ్ల వెనక దాక్కునేవి. అవి మళ్లీ బయటికి వచ్చేదాకా ఆడవాళ్లు పని మానుకుని తొట్ల ముందే నిలబడేవాళ్లు. అంత ప్రాణం వాటి మీద.

కేంద్రాన్ని అయిదుగురు ఆడవాళ్ల బృందం నడిపేది. నీళ్ల ఉప్పదనం కొలవడం, రోగం కనిపెట్టడం, రిజిస్టరు రాయడం నా వంతు. మిగతాదంతా వాళ్ల చేతుల మీదే జరిగేది. అయిదుగురిలో పెద్దామె సరస్సు మీద వేటాడే కుటుంబంలో పుట్టింది. మిగతావాళ్లు అక్కా అని పిలిచేవాళ్లు కాబట్టి నేనూ ఇక్కడ అక్క అనే రాస్తాను. ఆమె భర్త పడవ అమ్ముకుని బస్తాలు మోసే పనికి పోతుండేవాడు. ఇల్లు గడిచేది ఎక్కువగా ఈమె సంపాదనతోనే. ఆమె మా క్రైస్తవ సంఘంలో సభ్యురాలు, నేను అదే సంఘంలో పెద్దను. షెడ్డులో నన్ను సార్ అనేది. ఆదివారం మందిరం గడప దాటగానే అన్నా అనేది. నేను కూడా ఇక్కడ ఏమ్మా అని, అక్కడ చెల్లెమ్మా అని పిలిచేవాణ్ణి.

ముందు గదిలో ఆరడుగుల గాజు తొట్టి ఒకటి ఉండేది. అందులో సముద్రపు రాళ్లు, పువ్వుల్లా విచ్చుకునే మెత్తని జీవులు, వాటి మధ్య ఒక జత చేపలు. నారింజ రంగు ఒంటి మీద నిలువుగా తెల్లపట్టీలు. సముద్రపు నీళ్లు తెచ్చే ట్రాక్టరు డ్రైవరు మొదటిసారి వాటిని చూసి "ఇవి నామాల చేపలు గదప్పా" అన్నాడు. తిరుపతి మనుషులకు అంతకంటే వేరే పోలిక తోచదు. నాకు మొదట్లో ఆ పేరు కొంచెం ఇబ్బందిగా ఉండేది. తర్వాత నేనూ అదే అన్నాను.

ఆ జత మీదే కేంద్రం నిలబడి ఉండేది. వెనక తొట్లలో పడుచు జతలు ఉన్నాయి గాని అవి ఇంకా గుడ్లకు రాలేదు. ఈ జత మాత్రం రెండు వారాలకోసారి తప్పకుండా పెట్టేది. అదీ అక్క ఇంటి నుంచి తెచ్చిన పగిలిన కుండ పెంకు మీదే. పక్కన నున్నటి పలకలు పెడితే ముట్టలేదు. పెద్దది ఆడది. చిన్నది మగది, గుడ్లను కాసేది అదే. పగలంతా రెక్కలతో వాటికి నీళ్లు విసురుతూ ఉండేది. "ఇట్లాంటి మొగోణ్ణి మన ఊళ్లో యాడన్నా సూసినావా అక్కా?" అని బృందంలో చిన్నామె రోజూ అడిగేది. "నీళ్లలో ఉండబట్టి అట్లుండాడు, గట్టెక్కితే వాడూ అంతే" అనేది అక్క.

పురుగును తొట్టిలోకి తెచ్చింది నేనే. జిల్లా ఆఫీసు నుంచి అధికారులు తనిఖీకి వస్తారని వినబడింది. షెడ్డును ఆ బృందానికే మళ్లీ ఇవ్వాలా వద్దా అన్నది వాళ్లు చూసి తేలుస్తారు. ముందు తొట్టి కళకళలాడాలని చెన్నైలో తెలిసిన దుకాణం నుంచి మెత్తని పగడం మొలిచిన రాతి ముక్క ఒకటి నీళ్ల సంచిలో పెట్టుకుని లోకల్ రైల్లో తెచ్చాను. కొత్తది ఏది తెచ్చినా మూడు వారాలు వేరే తొట్టిలో ఉంచాలి. ఆ నియమాన్ని గోడ మీద పెద్దక్షరాలతో రాయించింది కూడా నేనే.

"పక్క తొట్టిలో పెట్టాల గదా సార్?" అంది అక్క.

"మంచి దుకాణం. ఏం కాదు," అన్నాను.

నెల తిరక్కుండానే ఒక పొద్దున ఆమె తొట్టి ముందు గొంతుక్కూర్చుని కనిపించింది.

"రాయి తుప్పు పట్టినట్టుండాది సార్."

"నాచమ్మా. కొత్త రాయి పెడితే కొన్నాళ్లు ఇట్లా పడుతుంది. దానంతట అదే పోతుంది."

"నాచు పాకతాదా సార్?"

"నీళ్లు కదిలితే అట్లా కనపడుతుంది."

ఆమె లేచి బకెట్ల దగ్గరికి పోయింది. మా దగ్గర ఆడవాళ్లు సంఘ పెద్దతో రెండుసార్లు వాదించరు. ఆ సంగతి నాకు తెలుసు, అది నాకు సౌకర్యంగా కూడా ఉండేది. దీపం వెలిగే గంటలు తగ్గించాను, బ్రష్షు పెట్టి గాజంతా రుద్దించాను. ఈ పురుగు తెగితే తెగిన ముక్క కూడా పురుగవుతుందని అప్పటికి నాకు తెలియదు. వాటిని నేనే ముక్కలు చేసి తొట్టంతా చల్లించాను. మూడు వారాలకు రాళ్ల పైభాగమంతా తుప్పు కప్పేసింది. మెత్తని పగడాలు వెలుతురు అందక ముడుచుకున్నాయి.

అక్క అప్పుడు ఒక మాట అడిగింది. "రేపు దీపం వెయ్యకముందు ఒక్కసారి రండి సార్."

పొద్దున ఆరింటికి వెళ్లాను. మిగతా నలుగురు ఆడవాళ్లూ అప్పటికే వచ్చి ఉన్నారు. తొట్టి చీకటిగా ఉంది. ఆమె టార్చి వేసి చూపించింది. రాళ్లన్నీ కడిగినట్టు శుభ్రంగా ఉన్నాయి. తర్వాత దీపం వేసింది. అరగంటలోపే పగుళ్లలోంచి, రాళ్ల అడుగు నుంచి తుప్పు పైకి పాకుతూ వచ్చి వెలుతురు పడే చోటల్లా పరుచుకుంది.

"నాచు నిద్రపోయి లేస్తాదా సార్?" అంది అక్క.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

నాతో కలిసి పనిచేసి, తర్వాత తమిళనాడు తీరంలో ఒక ప్రయోగశాలకు వెళ్లిన స్నేహితుడికి ఫోన్ చేశాను. ఫొటో చూసి వెంటనే చెప్పాడు. "చదును పురుగప్పా ఇది. మందు ఉండాది, గొర్రెలకు నులిపురుగులు పోయేదానికి తాపిస్తారే, అదే. కానీ ఒక మాట బాగా విను. మందుతో భయం లేదు, చచ్చే పురుగుతోనే భయం. దాని ఒంట్లో విషముంటాది. నాలుగు చస్తే ఏం గాదు. అన్నీ ఒక్కసారి చస్తే నీ చేపలు గూడా పోతాయి. ముందు పది దినాలు గొట్టం పెట్టి ఎన్ని తీయగలిగితే అన్ని తీసెయ్. యాడో ఒకటి కనపడే దాకా తీ. అప్పుడు మందు పొయ్. పోసినాక తొట్టి ఇడిసిపెట్టి పోవద్దు. పురుగు రాలేటప్పుడే పీల్చెయ్యాల. అయినాక మిగిలిన విషాన్ని లాగేదానికి బొగ్గు సంచి వేలాడెయ్, కొత్త నీళ్లు మార్చు. అర్థమైనాదా?"

అర్థమైంది. ఒక కాగితం మీద వరుసగా రాసుకున్నాను. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

మందు కోసం సత్యవేడు పోయాను. పశువుల మందుల షాపులో ఉన్నాయన "ఎన్ని గొర్రెలు సార్?" అని అడిగాడు. చేపల తొట్టిలోకి అంటే చాలాసేపు నవ్వాడు. "చేపలకు గూడా తాపిస్తాండారా! వాటి నోరు యాడ తెరిసి పోస్తారప్పా?"

ఆడవాళ్లు వంతులు వేసుకుని సన్నటి గొట్టంతో పురుగుల్ని పీల్చి, గుడ్డలో వడగట్టి పారేశారు. "మా యింట్లో పిల్లల తలలో పేలు గూడా ఇంత ఓపిగ్గా తీయలేదక్కా" అని చిన్నామె మెడ పట్టుకునేది. ఆరు రోజుల్లో సగం తగ్గాయి. శనివారం మధ్యాహ్నం ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. సోమవారం పొద్దున అధికారి వస్తున్నారు.

"రేపు పొద్దున మందు పోద్దాం," అన్నాను.

"ఇంకా శానా ఉండాయి సార్," అంది అక్క. "నాలుగు దినాలు తీస్తే బాగుంటాది."

"సోమవారం ఆయనొచ్చి ఈ తుప్పు చూస్తే మీ షెడ్డు మీకుంటుందా?"

నేను భయపడింది వాళ్ల షెడ్డు గురించేనా, ఆయన ముందు నా చేతగానితనం బయటపడుతుందనా అని తర్వాత చాలాసార్లు నన్ను నేను అడిగాను. ప్రార్థనలో కూడా అడిగాను. జవాబు నాకు నచ్చేది కాదు.

ఆ సాయంత్రం ట్రాక్టరు డ్రైవరు నీళ్లు నింపి, "రేపు గూడా ఒక ట్యాంకరు తేవాల్నా?" అన్నాడు.

"రేపు ఆదివారం కదప్పా."

"మీ దేవుడు వారానికొక దినం లీవు పెడతాడు. కొండ మీద మా సామికి కన్ను మూసేదానికే టైముండదు, పాపం." నవ్వి మళ్లీ అన్నాడు. "నేను ఖాళీనే సార్. మీరు గుడికి పోతే వచ్చి కూసుంటా. ఏం జెయ్యాల్నో చెప్పండి, చేస్తా."

అవసరం లేదన్నాను.

ఆ ఆదివారం డ్యూటీ అక్కది. తెల్లారి ఆరింటికి ఇద్దరం తొట్టి ముందు నిలబడి ప్రార్థన చేశాం. మందు కలిపి పోశాను. స్నేహితుడి లెక్క ప్రకారం ముప్పావు గంటలో పురుగు ముడుచుకోవాలి, గంటలో రాలాలి. ఎనిమిదింటి లోపల పీల్చేసి, నీళ్లు మార్చి, తొమ్మిదిన్నర ఆరాధనకు వెళ్లొచ్చని నా పథకం. ఏడున్నర అయినా ఒక్కటీ రాలలేదు. మందు చాల్లేదేమో అనుకుని మరికొంత పోశాను. ఆమె నా చెయ్యి వైపు చూసింది. అప్పటికి ఆడచేప హుషారుగానే ఉంది. అంతకు ముందు రోజు పెట్టిన గుడ్లు పెంకు మీద నారింజ చుక్కల్లా ఉన్నాయి. మగచేప వాటికి నీళ్లు విసురుతోంది.

తొమ్మిదవుతుండగా మొదలైంది. ముందు గాజు మీదివి ముడుచుకుని జారాయి. తర్వాత రాళ్ల మీదివి ఒక్కొక్కటిగా ఊడి తుప్పు పొడిలా దిగసాగాయి.

"రాలతా ఉండాయి సార్," అంది అక్క.

"రాలనీ. అదే కదా కావలసింది. దేవునికి స్తోత్రం."

"పీల్చేద్దామా?"

గడియారం చూశాను. అది నెలలో మొదటి ఆదివారం. ప్రభు బల్ల ఆదివారం అంటాం, రొట్టె, ద్రాక్షరసం అందరూ కలిసి తీసుకునే రోజు. సంఘ పెద్దగా నేను వడ్డించాలి. బొగ్గు సంచి వెయ్యలేదు, బొగ్గు మందును కూడా లాగేస్తుంది గదా, ఇంకా బతికున్నవి చావాలి గదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

"వచ్చి పీలుద్దాం. ఆరాధన రెండు గంటల పనే కదా."

"నేనీడనే ఉంటా సార్. మీరు పోయి రండి."

అప్పుడు నేనన్న మాట ఇక్కడ ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "చేపల కోసం ప్రభు బల్ల మానుకుంటావా చెల్లెమ్మా? ఆయన దినాన ఆయన పని. తొట్టి ఆయనే చూసుకుంటాడు."

షెడ్డులో నేనామెను చెల్లెమ్మా అనడం అదే మొదటిసారి. సంఘ పెద్దగా మాట్లాడుతున్నానని ఆమెకు అర్థమైంది. చేతులు కడుక్కుని, కొంగు సర్దుకుని వెంట వచ్చింది.

మందిరం నడిచి పది నిమిషాలు. దేవుడు చేసిన మేళ్లు అందరి ముందు చెప్పుకునే సాక్ష్యాల సమయం రాగానే నేనే లేచాను. మా కేంద్రాన్ని పట్టిన తెగులును ప్రభువు ఈ ఉదయమే రాల్చేశాడని, చేతకాని నన్ను వాడుకున్నాడని చెప్పాను. సంఘమంతా స్తోత్రం అంది. ఆ మాటలు చెబుతున్నప్పుడు నా గొంతు నిజంగానే వణికింది. ఆ వణుకు నటన కాదు. ఇన్నేళ్ల తర్వాత నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే.

ఆ రోజు బయట ఊరి నుంచి ప్రసంగీకుడు వచ్చాడు. ప్రసంగం సాగింది. అక్క తలుపు దగ్గరి చాప మీద కూర్చుని ఉంది. పన్నెండు దాటుతుండగా ఆమె నెమ్మదిగా లేవబోయింది. నేను వేదిక పక్కన ఉన్నాను. ఆమె నా వైపు చూసింది. కూర్చోమని కళ్లతోనే చెప్పాను. కూర్చుంది.

విశ్రాంతి దినాన గొర్రె గుంటలో పడితే పైకి తీయనివాడెవడని ప్రభువు అడిగిన వాక్యం మీద నేను అదే వేదిక మీద మూడుసార్లు ప్రసంగించాను. ఆ వాక్యం నాకు కంఠతా వచ్చు. ఆమెకు కంఠతా రాదు. లేవబోయింది మాత్రం ఆమె.

షెడ్డుకు చేరేసరికి ఒంటిగంటన్నర. ఆమె నాకంటే ముందు పరిగెత్తింది. నేను లోపలికి వచ్చేసరికి తొట్టి ముందు నిలబడి ఉంది. నీళ్లు పలచటి ఎర్రమట్టి కలిపినట్టున్నాయి. ఇసుక మీద చచ్చిన పురుగులు మేటవేశాయి. ఆడచేప పెంకు వెనక పక్కకు ఒరిగి ఉంది. దవడ కదలడం లేదు. మగది బతికే ఉంది. మొప్పలు తెరుచుకుని, ఒళ్లు వాలిపోతూ, మధ్యమధ్యలో పడిపోయి మళ్లీ లేచి గుడ్లకు నీళ్లు విసురుతోంది. గుడ్లు అప్పటికే తెల్లబడ్డాయి.

అక్క ఏడవలేదు. చెంబుతో మగచేపను ఎత్తి కొత్త నీళ్ల బకెట్టులో వేసి, గాలి గొట్టం పెట్టింది. తర్వాత ఇద్దరం సాయంత్రం దాకా పీల్చాం, నీళ్లు మార్చాం, బొగ్గు వేశాం. కాగితం మీద రాసుకున్నదంతా వరుస తప్పకుండా చేశాం. రాళ్లు శుభ్రంగా, కొత్తవాటిలా మెరిశాయి. ఒక్క పురుగు కూడా మిగల్లేదు.

సోమవారం అధికారి వచ్చాడు. నాకంటే చాలా చిన్నవాడు, మాట మెత్తన. గుడ్లు పెట్టే ఆడచేప ఏదని అడిగాడు. చచ్చిపోయిందని చెప్పాను. ఎట్లా పోయిందన్నాడు. పురుగుకు మందు పోశామని, అది చచ్చినప్పుడు వచ్చే విషం తగిలిందని చెప్పాను. అంతవరకు నిజమే. ఆయన డ్యూటీ రిజిస్టరు తెరిచాడు.

"ఆదివారం పొద్దున డ్యూటీ ఎవరిది? తొమ్మిది నుంచి ఒంటిగంటన్నర దాకా సంతకం లేదే."

బృందంలో అయిదుగురూ గోడ వారన వరసగా నిలబడి ఉన్నారు. అక్క నా వైపు చూసింది. నేను రిజిస్టరు వైపు చూశాను.

"నాదే సార్," అంది ఆమె. "గుడికి పోయినాను."

"మందు పోసిన తొట్టిని వదిలేసి?"

"అవును సార్."

ఆయన కాసేపు ఆగాడు. నేను నోరు తెరవడానికి ఆ కాసేపు చాలు. ఒక్క వాక్యం చాలు. బయట ట్రాక్టరు ఇంజను తిరుగుతోంది. నేను దాన్నే వింటూ నిలబడ్డాను.

"మిగతా వాళ్లు బాగా చేస్తున్నారు. వెనక తొట్లు చూశాను," అన్నాడు ఆయన నాతో. "షెడ్డు బృందానికే ఉంచుదాం. ఈమె మాత్రం వద్దు. ఇంకొకరిని చేర్చుకోండి."

ఆమె తన టిఫిను డబ్బా, గోడకు తగిలించిన పాత టవలు తీసుకుని వెళ్లిపోయింది. చిన్నామె నా ముందుకొచ్చి ఏదో అనబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి పోయింది. ఆ తర్వాత నేను ఉన్నన్నాళ్లూ ఆ షెడ్డులో మగచేప మీద ఎవరూ జోకులు వెయ్యలేదు.

ఆ సాయంత్రం అక్క ఇంటికి వెళ్లాను. ఆమె గడపలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. క్షమించమన్నాను. ఆఫీసులో చెబుతానన్నాను. ఆమె ఏరడం ఆపలేదు.

"ఆడ నిలబడినప్పుడు మీరు చెప్తారేమో అని సూసినాను సార్," అంది.

అంతే అంది. అంతకు ముందు ఆమె ఇంట్లో నన్ను ఎప్పుడూ అన్నా అనే పిలిచేది.

తర్వాతి సంగతి తొందరగా చెప్పేస్తాను. రెండు నెలలకు సాక్ష్యాల సమయంలో లేచి జరిగిందంతా ఒప్పుకున్నాను. సంఘం దానికీ స్తోత్రం అంది. పాస్టరు అయ్యగారు నన్ను కౌగిలించుకుని ఇంత తగ్గింపు మనసు ఎవరికుంటుందని మెచ్చుకున్నారు. నా పాపం కూడా నా ఖాతాలో మంచిగానే జమైంది. పెద్దరికం వదులుకున్నాను. దానికీ మెచ్చుకున్నారు. ఈ మెప్పులేవీ వినడానికి ఆమె అక్కడ లేదు. జిల్లా ఆఫీసుకు తప్పు నాదని ఉత్తరం రాశాను. రాసింది నా పెన్షను కాగితాలు తేలాక. ఆ క్రమాన్ని మీరు గమనించాలి, నేను రోజూ గమనిస్తున్నాను. జవాబు రాలేదు.

అక్క పారిశ్రామికవాడలో చేరింది. తెల్లారకముందే కంపెనీ బస్సు వచ్చి తీసుకుపోతుంది. షిఫ్టుల పని. ఆదివారాలు చాలావరకు పనే. ప్రభు బల్ల మానుకుంటావా అని నేనెవరిని అడిగానో ఆమెకు నా వల్ల ఆదివారమే లేకుండా పోయింది.

మగచేప బతికింది. ఈ జాతిలో ఆడది పోతే మగదే కొన్ని నెలల్లో ఆడదవుతుంది. పుస్తకాల్లో చదివాను గాని చూడటం అదే మొదలు. దానికి ఒక పడుచు మగదాన్ని జత వేశారు. నేను రిటైరైన మరుసటి ఏడు ఒక శనివారం చిన్నామె ఫోన్ చేసింది. "గుడ్లు పెట్టినాది సార్. అక్క పెంకు మీదనే." తర్వాత అంది. "అక్కకు మీరే చెప్పండి."

మర్నాడు చీకటితోనే రోడ్డు మీదికి వెళ్లాను. బస్సు కోసం పదిమంది దాకా ఆడవాళ్లు మెడలో కంపెనీ కార్డులతో నిలబడి ఉన్నారు. ఆమె నన్ను చూసి పక్కకు వచ్చింది. చెప్పాను.

"మొగదేనా పెట్టింది?"

"అదే."

ఆమె ముఖంలో చిన్న నవ్వు కదిలింది. "గట్టెక్కకపోయినా మారిపోయినాడే," అంది. మళ్లీ అడిగింది. "పెంకును ఉప్పునీళ్లతోనే కడగతా ఉండారా? పంపు నీళ్లు తగలనీవద్దని చెప్పండి ఆ పిల్లకు."

చెబుతానన్నాను. బస్సు హారన్ కొట్టింది. నేను ఇంకేదో చెప్పాలని అనుకున్నాను. ఇంటి నుంచి వచ్చేటప్పుడు దారంతా వరస చేసుకున్న మాటలే.

"గుడికి టైమయితాది. పోండి సార్," అని ఆమె బస్సెక్కింది.

మందు సంగతి అడిగే పిల్లలకు నేను చెప్పేది ఇదే. పది రోజులంటే పది రోజులు తీయండి. పురుగు రాలడం మొదలైతే ఎవరు పిలిచినా తొట్టి వదలొద్దు. మీ పక్కన ఉన్న మనిషి నేనుంటానంటే ఉండనివ్వండి. దేవుడు తొట్టిని చూసుకోవడానికి ఆ రోజు ఒక మనిషిని పంపాడని నేనిప్పుడు నమ్ముతాను. ఆమెను మందిరానికి లాక్కుపోయింది నేను.

ఆమె బస్సెక్కి పోయిన ఆ ఆదివారం కూడా నెలలో మొదటిదే. మందిరంలో తలుపు దగ్గరి చాప మీద, ఆమె కూర్చునే చోటు పక్కన కూర్చున్నాను. రొట్టె వచ్చింది, తర్వాత ద్రాక్షరసం గిన్నె వచ్చింది. రెండు చేతులతో అందుకున్నాను. నా మీద బాధ ఉన్నవాళ్లెవరైనా గుర్తొస్తే ముందు వెళ్లి వాళ్లతో సఖ్యపడి, సమాధానపడి రమ్మని వాక్యం. వెళ్లి వచ్చాను. సమాధానం మాత్రం తేలేదు.

గిన్నె పక్కవారికి అందించాను.